రాబందుగారి కాల్షీటు

సినిమాల్లో రాబందుకి ఎప్పుడూ ఒకటే వేషం. కథానాయకుడు గుక్కెడు నీళ్ళు లేక బండరాళ్ళ మధ్య పడిపోయి ఉంటాడు. కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. ఆకాశంలో నల్లగా రెండు పక్షులు గుండ్రంగా తిరుగుతుంటాయి. వెనక వయొలిన్లు కీచుమంటాయి. అంతే! నేల టిక్కెట్టు నించి బాల్కనీ దాకా అందరికీ అర్థమైపోతుంది, వీడి పని అయిపోయిందని. మొత్తం పది సెకన్ల షాటు. ఆ పక్షికి డైలాగు లేదు, క్లోజప్ లేదు, టైటిల్స్‌లో పేరు లేదు. పైగా బయటికొచ్చాక వడ్డీ వ్యాపారిని తిట్టాలన్నా, కట్నం కోసం పీక్కుతినే అత్తగారిని తిట్టాలన్నా "రాబందు" అనే అంటాం.

ఈ వారం ఆ జూనియర్ ఆర్టిస్టు గురించే చెప్పబోతున్నాను. "సినిమా పత్రికలో రాబందుల గోల ఏవిటి గురూ?" అని పేజీ తిప్పేయకండి. సినిమాకీ, రాబందుకీ మీరనుకున్న దానికన్నా దగ్గర చుట్టరికం ఉంది.

1975లో వచ్చిన 'షోలే' చూడనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు. గబ్బర్‌సింగ్ తిరిగిన ఆ రాతిగుట్టలు ఎక్కడివనుకున్నారు? కర్ణాటకలో బెంగుళూరు దగ్గరి రామనగరంవి. అక్కడి రామదేవర బెట్టని 2012లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. గబ్బర్ కోసం కాదులెండి, రాబందుల కోసం! పొడుగు ముక్కు రాబందులు ఆ బండల అరుగుల మీద గూళ్ళు పెట్టుకుంటాయి. ఇక మన అన్నగారి 'అడవి రాముడు' (1977) సంగతి. ఆ షూటింగ్ జరిగింది తమిళనాడులోని మదుమలై అడవుల్లో. దక్షిణాదిన రాబందులు ఇంకా గుంపులుగా బతుకుతున్న కొద్ది చోట్లలో మదుమలై, దాన్ని ఆనుకున్న మోయార్ లోయ ముఖ్యమైనవి. అంటే మన రెండు సూపర్ హిట్లకి లొకేషన్ ఇచ్చింది రాబందుగార్లే. అద్దె మాత్రం ఎవరూ ఇచ్చినట్టు లేదు.

రామాయణం సంగతి సరేసరి. సీతమ్మని ఎత్తుకుపోతుంటే రావణుడికి అడ్డుపడిన జటాయువుని వాల్మీకి గృధ్రరాజు అన్నాడు. గృధ్రం అంటే రాబందే. ఆడపిల్ల ఏడుపు విని, గెలవలేనని తెలిసీ ఎదురెళ్ళి రెక్కలు పోగొట్టుకున్న ముసలి పక్షి. అంత గొప్ప పాత్ర ఉన్న జాతికి మనం ఇచ్చింది శవాల దగ్గర నించునే వేషం!

ఈ జ్ఞానోదయం నాకు పుస్తకాల్లో కాలేదు. ఒక మిత్రుడి పుణ్యాన, పళ్ళు టకటకలాడే చలిలో, ఒక గుట్ట ఎదురుగా అయింది.

* * *

2016 జనవరి. హన్మకొండలో కూడా జనం మఫ్లర్లు చుట్టుకుని తిరుగుతున్న రోజులు. మావాడు ఫోన్ చేశాడు. మావాడంటే చిన్ననాటి స్నేహితుడు. వరంగల్ జిల్లాలో ఒక పల్లెలో పశువుల ఆస్పత్రి కంపౌండరు. మాట తక్కువ, పని ఎక్కువ రకం.

"మందపు స్వెటరున్నదారా నీ దగ్గర?" అన్నాడు.

"ఎందుకురా?"

"బెజ్జూరు అడవికి పోదాం."

"పులిని చూపిస్తవా?" అని ఎగిరి గంతేశాను. బెజ్జూరు, కాగజ్‌నగర్ అడవుల్లోకి మహారాష్ట్ర తడోబా వైపు నించి ప్రాణహిత దాటి పులులు వస్తుంటాయని విని ఉన్నాను.

"పులి కాదు. రాబందు."

ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో, నాలుగు కొత్త సినిమాలు ఆడుతుంటే, చలిలో రాబందుని చూడ్డానికి పోవడమేవిటి? కానీ వాడు జీవితంలో నన్ను ఏదీ అడగలేదు. "సరే పా" అన్నాను.

మన దేశానికి హిమాలయాలు ఎలాగో, మన తెలంగాణకి ఉత్తరాన ఉమ్మడి ఆదిలాబాద్ అలాగ. మంచు పడదన్న మాటే గాని, చలికాలంలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు అక్కడే. సిర్పూర్ (యు), గిన్నెధరి లాంటి చోట్ల కొన్ని ఏళ్ళలో 5 డిగ్రీలకి అటూ ఇటూ పడిపోతుంది. మనకి అంతకన్నా ఉత్తర ధ్రువం ఎందుకు చెప్పండి?

కాజీపేటలో రైలెక్కాం. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి... ఒక్కో స్టేషన్ దాటుతుంటే కిటికీల తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఆసిఫాబాద్ రోడ్ దాటేసరికి బోగీలో అందరూ ముసుగుతన్ని మూటల్లా అయిపోయారు. కాగజ్‌నగర్‌లో దిగాం. పేరులోనే కాగితం ఉన్న ఊరు. ఆ పేరు తెచ్చిన పేపరు మిల్లు అప్పుడు మూతబడి ఉంది (2018లో మళ్ళీ తెరిచారు). టీ కొట్టు దగ్గర పొయ్యి చుట్టూ జనం హౌస్‌ఫుల్.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి జీపు. అడవి శాఖవారి అనుమతి మావాడు ముందే తెచ్చి ఉంచాడు. బెజ్జూరు వైపు దారిలో హెడ్‌లైట్ల వెలుగులో టేకు చెట్లు, మధ్య మధ్య రోడ్డు మీద అడ్డంగా పాకే పొగమంచు. ఒకచోట మనుబోతు ఒకటి గుర్రమంత ఎత్తున నిలబడి, మమ్మల్ని తాపీగా చూసి, "ఎవరో టూరింగ్ టాకీస్ వాళ్ళలే" అన్నట్టు పక్కకి తప్పుకుంది. జీపు దిగాక నడక. ముందర దారి చూపే స్థానికుడు, వెనక మావాడు, మధ్యలో రెండు స్వెటర్లు, ఒక కోటు, ఒక దుప్పటితో నేను. నడుస్తున్న పరుపులా ఉన్నానని మావాడి రిమార్కు.

* * *

పెద్దవాగు ఒడ్డున ఆగాం. ఎదురుగా పాలరాపు గుట్ట.

గుట్ట అంటే మన హన్మకొండ గుట్టల్లాంటిది కాదు. వాగు మీంచి నిట్టనిలువుగా లేచిన రాతిగోడ. వందల అడుగుల ఎత్తు. అరలు అరలుగా, అరుగులు అరుగులుగా ఉంటుంది. మూడు నాలుగు అంతస్తుల సినిమాహాలుకి గోడ పీకేసి బాల్కనీలు మాత్రం ఉంచినట్టు. ఆ అరుగుల కింద తెల్లగా సున్నం కారినట్టు చారలు.

"అవి రెట్టలు సార్" అన్నాడు దారి చూపిన మనిషి. "ఎక్కడ తెల్లగ గీతలున్నయో అక్కడ గూడున్నట్టు."

ఇక్కడ పొడుగు ముక్కు రాబందులు ఉన్నాయని 2013లో బయటపడింది. అప్పటిదాకా తెలంగాణలో ఇవి లేనట్టే అనుకుంటున్న కాలం. అలాంటిది ఒక గుట్ట నిండా గూళ్ళు కనపడితే ఎంత సంబరమో ఆలోచించండి. పోయాడనుకున్న హీరో ఇంటర్వెల్ తర్వాత గుర్రమెక్కి వచ్చినట్టే! అడవి శాఖ కాపలా మనుషుల్ని పెట్టింది, గూళ్ళు లెక్క కట్టించింది.

ఆరున్నరకి చేరాం. చెట్ల చాటున కూచుని, బైనాక్యులర్స్ తీసి, హీరోగారి కోసం సిద్ధం. ఏడు అయింది. ఏడున్నర అయింది. గుట్ట మీద చీమ కదలదు. వాగు మీంచి పొగమంచు లేచి ముక్కులోకి పోతోంది. నా వేళ్ళు నావో కావో తెలీడం లేదు. దూరంగా నెమలి ఒకటి అరిచింది. కొండముచ్చులు ఒక కొమ్మ మీద ఒకదాన్నొకటి కావలించుకుని కూచున్నాయి. మేమిద్దరం కూడా దాదాపు అదే పోజులో ఉన్నాం.

ఎనిమిదయ్యేసరికి నా సహనం చచ్చింది. "ఏందిరా, మీ హీరోగారు కాల్షీటు ఇచ్చి ఎగ్గొట్టిండా?" అన్నాను.

మావాడు మాట్లాడలేదు. దారి చూపిన మనిషే నవ్వాడు. "పొద్దెక్కాలె సార్. బండకు ఎండ తాకాలె. గాలి మీదికి లేవాలె. అప్పుడుగాని అది రెక్క తియ్యది."

తర్వాత తెలిసింది, అది అక్షరాలా సైన్సేనని. రాబందు బరువు అయిదారు కిలోలు. రెక్కలు చాస్తే ఈ కొస నించి ఆ కొసకి రెండు మీటర్ల పైచిలుకు. అంత శరీరాన్ని రెక్కలు కొట్టుకుంటూ రోజంతా మోయడం దానివల్ల కాదు. అందుకని ఎండకి వేడెక్కిన గాలి పైకి లేచేదాకా ఆగుతుంది. ఆ గాలి లిఫ్టులాగా దాన్ని మోసుకుపోతుంది. ఒకసారి పైకెక్కిందా, రెక్క ఆడించకుండా మైళ్ళకి మైళ్ళు. చలికాలంలో ఎండ బద్ధకంగా వస్తుంది గనక రాబందుగారి షూటింగు కూడా లేటు. మన పెద్ద హీరోలు పదింటికి సెట్టుకొస్తే విసుక్కుంటాం గాని, ఈయనకి కనీసం కారణం ఉంది!

తొమ్మిది దాటింది. గుట్ట పై వరస అరుగుల మీదికి ఎండ దిగింది. నేను రాయి అనుకున్నది కదిలింది. మెడ చాచింది. రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఎండకేసి వీపు పెట్టి నించుంది. మా అమ్మమ్మ చలికాలం పొద్దున వాకిట్లో శాలువా విప్పి ఎండకి ఆరేసుకున్నట్టు. దాని పక్కన ఇంకోటి. కింద అరుగులో ఇంకోటి. రాళ్ళన్నీ ఒక్కొక్కటే పక్షులవుతున్నాయి.

మొదటిది అంచు దాకా వచ్చింది. దూకింది. దూకడం అంటే నిజంగా దూకడమే, వాగులో పడిపోతుందని నేను గుండె పట్టుకున్నాను. సగం దూరంలో గాలి అందుకుంది. రెక్క ఒక్కసారి కూడా కొట్టకుండా మా నెత్తి మీంచి వెళ్ళింది. ఈకల్లోంచి గాలి కోసుకుపోతున్న 'స్స్...' మన్న చప్పుడు వినపడింది. నీడ మా మీద పడి, వాగు మీంచి పాకి, అవతల టేకు చెట్ల మీదికి ఎక్కింది.

ఎన్ని ఇంట్రడక్షన్ సీన్లు చూశాం! బూట్లు చూపించి, బెల్టు చూపించి, గాల్లో దుమ్ము లేపి, చివరికి ముఖం చూపిస్తారు. ఇదీ ఇంట్రడక్షన్ అంటే. వయొలిన్లు లేవు. ఈలలు లేవు. నాకు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది.

దాని ముఖం అందంగా ఉందని అబద్ధం చెప్పను. తలమీద, మెడమీద ఈకలు ఉండీ లేనట్టే. కానీ ఆ మేకప్ వెనక కారణం ఉంది. కళేబరంలోకి మెడ దాకా దూర్చి తినాలి. ఈకలుంటే నెత్తురంటుకుని కుళ్ళిపోతుంది. బోడి మెడైతే ఎండకి ఆరిపోయి శుభ్రం. పాత్రకి తగ్గ గెటప్ అన్నమాట.

ఒక అరుగులో ఎండుపుల్లల గూడు, దాన్లో తల్లో తండ్రో కూచుని ఉంది. పొదగడంలో ఇద్దరికీ సమాన వాటా. ఏడాదికి ఒకటే గుడ్డు. చలికాలంలో పెట్టి, యాభై రోజుల దాకా పొదుగుతాయి. పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నాలుగు నెలలు. ఏడాదికి ఒక్క సినిమా తీసే నిర్మాత లాంటివి ఇవి. ఆ ఒక్కటీ పోయిందా, ఆ ఏడు ఖాతాలో సున్నా.

"ఎన్నున్నయిరా?" అన్నాను.

మావాడు లెక్కపెడుతున్నాడు. చిన్న నోటుబుక్కు తీసి గీతలు గీస్తున్నాడు, ఆస్పత్రి రిజిస్టర్లో గొడ్ల లెక్క రాసినట్టు. "కనపడ్డయి ఏడు" అన్నాడు. గొంతు ఎలాగో ఉంది. తిరిగి చూశాను. బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకునే ఉన్నాడు గాని, కింది నించి చెంపల మీదికి నీళ్ళు కారుతున్నాయి. చలికేమో అనుకున్నాను.

చలికి కాదు.

* * *

పదకొండింటికి నిప్పు దగ్గర నల్ల టీ తాగుతుంటే చెప్పాడు.

"మా ఊరవతల చచ్చిన గొడ్లను పారేసే జాగ ఉండేరా. చిన్నప్పుడు ఒక ఎద్దు చస్తె నలభై యాభై దిగేటియి. బడికి పోయేటప్పుడు చూస్తె ఎద్దు, వచ్చేటప్పుడు చూస్తె బొక్కలు. వాసన కూడ ఉండకపోయేది."

"మరి?"

"నేను నౌకరిల చేరినంక ఒక మందొచ్చింది. డైక్లోఫినాక్. చవ్వ. బర్రెకు జరమొచ్చినా, ఎద్దు కాలు వాచినా ఒక్క సూది. గంటల గొడ్డు లేచి మేత ముట్టేది. రైతు నా చెయ్యి పట్టుకుని దండం పెట్టేటోడు. ఎన్ని సూదులిచ్చిన్నో లెక్కలేదు. నాకు ఇంకేం తెల్సురా? గొడ్డు బతికితె చాలనుకున్న."

అక్కడ ఆగాడు. మిగతా కథ నేను తర్వాత చదివి తెలుసుకున్నది కూడా కలిపి చెబుతాను, ఎందుకంటే ఇది మన సినిమా రచయితలెవరూ రాయలేని స్క్రీన్‌ప్లే.

1990ల మొదట్లో పేటెంటు గడువు తీరి డైక్లోఫినాక్ బాగా చవకైపోయింది. మనుషుల నొప్పుల మందే, పశువులకీ వచ్చింది. అదే దశాబ్దంలో దేశమంతా రాబందులు రాలిపోవడం మొదలెట్టాయి. కొమ్మల మీద మెడ వేలాడేసి కూచుని, ఒకరోజు పడిపోయేవి. ఏదో వైరస్ అనుకున్నారు చాలాకాలం. 2004లో పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల్ని కోసి చూసిన శాస్త్రజ్ఞులు అసలు సంగతి బయటపెట్టారు. సూది పడ్డ కొద్ది రోజులకే చచ్చిన గొడ్డు మాంసంలో ఆ మందు మిగిలి ఉంటుంది. అది తిన్న రాబందుకి మూత్రపిండాలు చెడతాయి. లోపలి అవయవాల మీద తెల్లగా యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది.

"దేశంలో అన్ని గొడ్లకీ సూది ఇస్తారా ఏమిటి, అన్నీ చావడానికి?" అనొచ్చు మీరు. అక్కడే ఉంది ట్విస్టు. నూటికి ఒక్క కళేబరం కన్నా తక్కువలో మందున్నా చాలు, జాతి మొత్తం కూలిపోతుందని లెక్కలు తేల్చాయి. ఎందుకంటే ఇవి పంక్తి భోజనం చేసే పక్షులు. ఒక్క విస్తరిలో విషం పడితే వందమంది పోతారు. పైగా ఏడాదికి ఒక్క పిల్ల. పోయినవాటి చోటు నిండేదెప్పుడు?

1992కీ 2007కీ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా, పొడుగు ముక్కువి 97 దాకా మాయమయ్యాయి. నూరుమంది ఉన్న యూనిట్లో ముగ్గురు మిగిలారన్న మాట. పక్షుల చరిత్రలో ఇంత వేగంగా ఇన్ని పోయిన సందర్భాలు అరుదు.

పోతే పోయాయిలే, చూడ్డానికి కూడా బాగుండవు అంటారా? రాబందుల గుంపు ఒక ఆవు కళేబరాన్ని గంట లోపల ఎముకలు చేసిపెడుతుంది. వాటి కడుపులో ఆమ్లానికి ఎన్నో రోగక్రిములు చచ్చిపోతాయి. జీతం లేని మునిసిపాలిటీ. ఆ మునిసిపాలిటీ మూతబడ్డాక కళేబరాలు కుళ్ళాయి, నీళ్ళలో కలిశాయి, వాటి మీద కుక్కలు పెరిగాయి, కుక్కలతో పిచ్చికుక్క కాట్లు. 2024లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ'లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. రాబందులు పోయినందువల్ల 2000 నించి 2005 దాకా మన దేశంలో అదనంగా చనిపోయిన మనుషులు దాదాపు 5 లక్షలు! పది సెకన్ల షాట్‌లో చావుకి గుర్తుగా మనం వాడుకున్న పక్షి, అన్నాళ్ళూ మనల్ని చావకుండా కాస్తోందన్న మాట.

* * *

"మా ఊర్ల రాబందులు ఎప్పుడు పోయినయో యాదికి లేదురా" అన్నాడు మావాడు, టీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని. "గదే నాకు సమజ్ కాదు. యాభై పక్షులు. ఒక్కొక్కటి గింత పెద్దది. పోతుంటె ఊర్ల ఒక్కడు చూడలె. నేను చూడలె. పేపర్ల ఈ మందు సంగతి చదివిన్నాడు రాత్రంత నిద్రపట్టలె. బతికున్నదాన్ని ఒక్కసారన్న చూడాలె అనుకున్న."

నాకు ఏం చెప్పాలో తోచలేదు. "నీ తప్పేముందిరా" అనడం తేలిక. అదీ నిజమే. ఆ మందు అమ్మడం నేరం కాదు అప్పుడు. వాడు చేసింది వైద్యం. నొప్పితో మూలిగే నోరులేని జీవానికి నొప్పి తీసేశాడు. మన సినిమాల్లో విలన్ అంటే గుర్తుపట్టడం ఎంత సులువు! గళ్ళ కోటు, పైపు, నల్ల కళ్ళద్దాలు. ఈ కథలో విలన్ కోసం వెతికితే ఒక్కడూ దొరకడు. మందు కనిపెట్టినవాడు నొప్పి తగ్గించాలనుకున్నాడు. రైతు తన ఎద్దుని బతికించుకోవాలనుకున్నాడు. మావాడు ఆ రైతు కన్నీళ్ళు తుడిచాడు. అందరూ మంచివాళ్ళే. అందరి మంచీ కలిసి ఒక జాతిని తుడిచిపెట్టేసింది. క్లయిమాక్స్‌లో తన్నడానికి ఎవడూ లేని కథ ఇది. అందుకే కాబోలు ఇంతవరకూ ఎవరూ సినిమా తియ్యలేదనుకుంటాను.

దారి చూపిన మనిషి మాత్రం నిప్పు ఎగదోస్తూ అన్నాడు: "పోయినయి పోయినయి సార్. ఉన్నయాటిని చూసుకోవాలె."

ఎంత పెద్ద డైలాగ్ రైటరైనా దానికన్నా ఏం రాస్తాడు?

చూసుకునే పని జరగలేదని కాదు. 2006లో పశువులకి డైక్లోఫినాక్ నిషేధించారు. కానీ మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలు దొడ్డిదారిన పశువుల దగ్గరికే చేరాయి. 2015లో ఆ పెద్ద సీసాలనీ ఆపి, సీసాకి 3 మిల్లీలీటర్లకి మించకూడదన్నారు. కిటోప్రొఫెన్, అసిక్లోఫినాక్ అనే మరో రెండు మందులు కూడా ఇదే హాని చేస్తాయని తేలితే 2023లో పశువులకి వాటినీ నిషేధించారు. మెలాక్సికామ్ అనే మందు రాబందులకి హాని చెయ్యదని తేలింది. నొప్పీ తగ్గుతుంది, పక్షీ బతుకుతుంది. పింజోర్‌లోనూ, మన హైదరాబాద్ జూలోనూ రాబందుల్ని పెంచి పిల్లల్ని చేయించే కేంద్రాలు పెట్టారు. కొన్ని రాష్ట్రాల్లో మందు ఎక్కని కళేబరాలని చూసి మరీ రాబందులకి వడ్డించే 'రెస్టారెంట్లు' కూడా నడిపారు.

ఇదంతా విని సుఖాంతం అనుకోకండి. మేం వెళ్ళిన ఏడాదే దసరా నాడు జిల్లాలు విడిపోయి బెజ్జూరు కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి పోయింది. తర్వాతి సంవత్సరాల్లో పాలరాపు గుట్ట మీద సందడి తగ్గుతూ వచ్చిందని వార్తలు చదివాను. కొత్తగా ఎవరూ దాడి చెయ్యక్కర్లేదు వాటి మీద. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే గుంపు చిన్నదైపోతే, ఒక తుపానో, ఒక విషపు కళేబరమో చాలు. నిర్మాత దగ్గర ఉన్న ఒక్క ప్రింటూ కాలిపోయినట్టే.

గుట్ట కింద పెద్దవాగు ప్రాణహితలో కలుస్తుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరే మన ఏటూరునాగారం అడవుల్ని ఒరుసుకుంటూ భద్రాచలం పోతుంది. భద్రాచలం పక్కనే యటపాక అని ఊరుంది. జటాయుపాకే యటపాక అయిందనీ, జటాయువు పడింది అక్కడేననీ జనం చెప్పుకుంటారు. పై ఒడ్డున బతికున్న జటాయువులు, కింది ఒడ్డున జటాయువు జ్ఞాపకం, మధ్యలో ఒకే నీళ్ళు. జ్ఞాపకానికి మనం గుడి కట్టి కొబ్బరికాయలు కొడుతున్నాం. బతికున్నవాటికి మాత్రం ఏం చేశామంటే నీళ్ళు నమలాలి.

* * *

చదివి ఊరుకోకుండా ఏదైనా చెయ్యాలనిపించే కుర్రకారు మీలో చాలామంది ఉంటారని తెలుసు. మీ ఉత్తరాలు చూస్తే తెలుస్తూనే ఉంటుంది. అందుకని రెండు మాటలు.

ఒకటి. రాబందుల్ని చూడాలనుకుంటే చలికాలంలోనే వెళ్ళండి, గూళ్ళు ఉండే రోజులు అవే. అడవి శాఖ అనుమతి తీసుకుని, వాళ్ళు చూపిన చోట, దూరంగా, నోరు మూసుకుని కూచోండి. గుట్ట ఎక్కడం, ఈలలు వెయ్యడం, ఫోటో కోసం రాళ్ళు విసిరి లేపడం వద్దు. గూటి మీది పక్షి బెదిరి లేచిపోతే ఆ ఏడాది ఒక్క గుడ్డూ చలికి పోతుంది. పొద్దున్నే వెళ్ళి ఏమీ కనపడలేదని తిట్టుకుంటూ వెనక్కి రాకండి. ఎండెక్కనివ్వండి. ఆయన కాల్షీటు తొమ్మిది తర్వాతే.

రెండు. ఇది ఇంకా ముఖ్యం, దీనికి రైలు టిక్కెట్టు కూడా అక్కర్లేదు. మీ ఇంట్లో గాని, మీ ఊళ్ళో తాతగారింట్లో గాని పాడి ఉంటుంది కదా. గొడ్డుకి జ్వరమో, వాపో వచ్చి ఎవరైనా సూది తీస్తే, ఆ సీసా ఒకసారి చేతిలోకి తీసుకుని పేరు చదవండి. డైక్లోఫినాక్, కిటోప్రొఫెన్, అసిక్లోఫినాక్ అని ఉంటే వద్దనండి. మెలాక్సికామ్ ఉందా అని డాక్టరుగారిని అడగండి. హీరో పేరు, హీరోయిన్ పేరు, సంగీత దర్శకుడి పేరు, అసిస్టెంటు కెమెరామన్ పేరుతో సహా పోస్టరు మొత్తం చదివే మీకు ఒక సీసా మీది చిన్నక్షరాలు చదవడం ఎంతసేపు?

మావాడు ఇప్పుడు అదే చేస్తున్నాడు. రిటైరయ్యాడు. పెళ్ళికెళ్ళినా, జాతరకెళ్ళినా ఆ ఊళ్ళో మందుల షాపు కనపడితే లోపలికెళ్ళి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, అరల్లో సీసాలు తిప్పి తిప్పి చదువుతాడు. షాపువాళ్ళు ఇన్‌స్పెక్టరనుకుని కుర్చీ వేస్తారట. కాదని చెప్పాక కుర్చీ తీసేస్తారట. "నిలబడే చదువుత, ఏం పోయింది" అంటాడు వాడు.